తార్నాకలో ఫ్రెంచి ఎక్కాలు

మా ఆఫీసులో నా పక్క కుర్చీ పిల్లది అనంతపురం. సెలవుకి ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా పెద్ద స్టీలు డబ్బా నిండా ఉగ్గాణి తెస్తుంది. మొన్న సోమవారం ఆ డబ్బా మూత తీసేసరికి, నానబెట్టి పిండిన బొరుగులు, నూనెలో వేగిన పచ్చిమిర్చి, పైన దండిగా చల్లిన పుట్నాలపొడి, ఎండుకొబ్బరి, అన్నీ కలిసిన వాసన గుప్పుమని ముక్కుకు తగిలింది. అప్పుడే నేను హెడ్‌సెట్ తలకు తగిలించుకుని, ఫ్రాన్సులో ఎక్కడో బట్టలుతికే మిషను పాడైపోయి మండిపడుతున్న ఒక పెద్దాయనతో ఆయన భాషలోనే మాట్లాడుతున్నాను. రోజుకు ఎనిమిది గంటలు నా పని అదే. ఆ వాసనకి నా మాట మధ్యలో ఆగిపోయింది. అటువైపు ఆయన "అల్లో? అల్లో?" అంటూనే ఉన్నాడు. నా కళ్ళముందు మాత్రం తార్నాక వెనక సందులో నాపరాళ్ళు పరిచిన ఒక వరండా, ఆ వరండాలో బాసింపట్లు వేసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఫ్రెంచి ఎక్కాలు చదువుతున్న పదకొండు మంది పిల్లలు కనబడ్డారు.

ఆ వరండా వసుంధర మేడమ్ వాళ్ళది. తార్నాక చౌరస్తా నుంచి లోపలికి తిరిగి, ఇస్త్రీ బండి దాటి, పాలబూతు దాటి, మూడో సందులోకి వెళితే ఆకుపచ్చ గేటు, గేటు పక్కన దానిమ్మ చెట్టు, చెట్టు నిండా కాయలు, ఒక్కటి కూడా మాకు దక్కనివ్వని ఉడతలు. గేటుకి ఇనుప తీగతో కట్టిన రేకు బోర్డు మీద 'ఫ్రెంచ్ ట్యూషన్స్' అని ఎర్ర అక్షరాలు ఉండేవి. మేడమ్‌కి అప్పటికే యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా, ఎంత ఎండలోనైనా మడత నలగని నూలుచీరలో ఉండేది. వాళ్ళాయన సచివాలయంలో పనిచేసేవారు. ఆయన ఉద్యోగం కోసమే పాతికేళ్ళ కిందట అనంతపురం నుంచి వచ్చి ఆ ఇంట్లో దిగారు. పిల్లలు లేరు. పెళ్ళయిన కొత్తలో పొద్దుపోక పోస్టులో పాఠాలు తెప్పించుకుని మేడమ్ ఫ్రెంచి నేర్చుకుంది. నెలకో కవరు వచ్చేదట, ఆమె జవాబులు రాసి పంపేదట, ఎర్రసిరా దిద్దుబాట్లతో అది తిరిగి వచ్చేదట. అలా నేర్చుకున్న భాషనే ఇరవయ్యేళ్ళుగా తార్నాక, నల్లకుంట, అడిక్‌మెట్ పిల్లలకి పంచిపెడుతోంది.

నన్ను ఫ్రెంచిలో వేసింది మా నాయిన. ఆయన పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్ లైబ్రరీలో అటెండరు. మాది జనగామ దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం, బావి ఎండిపోయాక పట్నం చేరింది. నేను ఆరో తరగతికి వచ్చినప్పుడు, తెలుగు తీసుకోవాలా ఫ్రెంచి తీసుకోవాలా అని బడిలో కాగితం ఇస్తే, నాయిన ఎవరినో అడిగొచ్చి, "ఫ్రెంచైతే మార్కులు మస్తు పడ్తయంట బిడ్డా. తెలుగు మనింట్ల ఉండనే ఉన్నది" అని ఫ్రెంచి పక్కన టిక్కు పెట్టాడు. నాకూ సంబరమే అయింది. ఐదో తరగతిలో తెలుగు సారు నోటుపుస్తకం ఏదని అడిగితే "గాడ పెట్టిన సార్" అన్నాను. ఆయన ఆ 'గాడ'ను సాగదీసి రెండుసార్లు పలికి చూపించాడు. క్లాసంతా నవ్వింది. ఇంటికెళ్ళి అమ్మకు కూడా చెప్పుకోలేదు నేను. ఫ్రెంచి క్లాసులో ఆ బాధ లేదు. అక్కడ అందరం సమానమే, ఎవరికీ రాదు.

బడిలో ఫ్రెంచి చెప్పేవాళ్ళు ఏడాదికొకరు మారిపోయేవారు కాబట్టి పిల్లలందరూ సాయంత్రం మేడమ్ వరండాకే చేరేవాళ్ళు. చెప్పులు గేటు దగ్గర వరసగా విడిచి, పంపు కింద కాళ్ళు కడుక్కుని, చాపల మీద కూర్చోగానే ఎక్కాలు మొదలయ్యేవి. ఎక్కాలంటే క్రియాపదాలు. 'రెండొకట్ల రెండు, రెండ్రెళ్ళు నాలుగు' ఏ రాగంలో చదువుతారో అచ్చం అదే రాగంలో, "జె పర్లె, తు పర్లెస్, ఇల్ పర్లె, నూస్ పర్లాన్స్, వూస్ పర్లెజ్, ఇల్స్ పర్లెంట్" అని గొంతెత్తి అరిచేవాళ్ళం. నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు అనడానికి అన్ని తోకలు. పుస్తకంలో ఏ అక్షరం ఉంటే ఆ అక్షరం నోటితో పలకాల్సిందే. కవర్లలో వచ్చిన పాఠాలకు నోరు లేదు కదా, ఆ చివరి అక్షరాల్లో సగం ఫ్రెంచివాళ్ళు పలకరన్న సంగతి మేడమ్‌కి ఎవరూ చెప్పలేదు. మా అరుపులకు ఇస్త్రీ బండి సాయన్నకు కూడా 'పర్లెంట్' వచ్చేసింది. నేను కనిపిస్తే చాలు, "ఏం పర్లెంటు, ఇయ్యాల ఆలస్యమైంది?" అనేవాడు.

ఎక్కాలయ్యాక చిన్న గిన్నెల్లో ఉగ్గాణి వచ్చేది. ఒక్కోరోజు తోడుగా మిరపకాయ బజ్జీ. మా అమ్మ బియ్యప్పిండిని గిన్నెలో ఒత్తి కాల్చి సర్వపిండి చేస్తే నేనూ నాలుగు ముక్కలు కాగితంలో చుట్టి తీసుకెళ్ళేదాన్ని. మేడమ్ అందులోని పల్లీలు ఏరుకుని తిని, "మీ అమ్మ చేతిలో ఏముండాదో గానీ పాపా, నాకు మాత్రం గిన్నెకు అంటుకుంటాది" అనేది.

చదువులో మా గొడవంతా ఇంగ్లీషుతోనే. మేమంతా ఇంగ్లీషు మీడియం పిల్లలం, ఫ్రెంచి మా దగ్గరికి ఇంగ్లీషు గుమ్మం దాటుకునే రావాలి. 'ఐయామ్ గోయింగ్' అని రాయమంటే, 'యామ్'కి ఒక ఫ్రెంచి మాట, 'గోయింగ్'కి ఒక ఫ్రెంచి మాట వెతికి పక్కపక్కన పెట్టేవాళ్ళం. 'డు యు నో' అని అడగాల్సి వస్తే ఆ 'డు' ఫ్రెంచిలో ఎక్కడుందా అని పుస్తకమంతా తిరగేసేవాళ్ళం. జరిగిపోయిన దాని గురించి చెప్పాలంటే ఫ్రెంచిలో కొన్ని క్రియలకు 'కలిగి ఉండు' అనే క్రియ తోడొస్తుంది, కొన్నింటికి 'ఉండు' తోడొస్తుంది. ఏది దేనికో ఇంగ్లీషును పట్టుకుని ఎంత గింజుకున్నా తేలదు. మేడమ్ ఒకరోజు మమ్మల్ని అందరినీ లేపి, జట్లు కట్టించి, తార్నాక బస్టాపు దాకా నడిపించుకెళ్ళి గట్టు మీద నిలబెట్టింది.

"చూడండి. ఈడ జనం ఏమేం చేస్తాండారో చెప్పండి" అంది.

వస్తున్నారు, పోతున్నారు, ఎక్కుతున్నారు, దిగుతున్నారు, లోపలికి దూరుతున్నారు, బయటికి వస్తున్నారు అని చెప్పాం. అంతలో సికింద్రాబాదు బస్సు కదులుతుంటే ఫుట్‌బోర్డు మీది కుర్రాడొకడు జారి పడ్డాడు, దులుపుకుని మళ్ళీ పరిగెత్తాడు. "పడడం కూడా రాసుకోండి" అంది మేడమ్. బస్టాపులో జరిగే ఆ పనులకే 'ఉండు' తోడొస్తుందట, తక్కిన వాటికి 'కలిగి ఉండు' తోడట. పుస్తకంలోని జాబితాలో పుట్టడం, చనిపోవడం కూడా ఉన్నాయి కదా మేడమ్, అవి బస్టాపులో ఎందుకు జరుగుతాయి అని నేనడిగాను. "అవీ వచ్చేది, పొయ్యేదే కదమ్మా" అంది ఆమె. ఈ రోజుకీ హెడ్‌సెట్‌లో మాట్లాడుతూ సందేహం వస్తే నేను క్షణంపాటు తార్నాక బస్టాపులో నిలబడతాను.

అంతకన్నా పెద్ద చిక్కు రెండు భూతకాలాల దగ్గర వచ్చింది. ఒకసారి జరిగి అయిపోయిన దానికి ఒకటి, అప్పట్లో రోజూ జరుగుతూ ఉండేదానికి ఇంకొకటి. ఇంగ్లీషులో 'ఐ వెంట్' అంటే ఒక్కసారి వెళ్ళావో రోజూ వెళ్ళేదానివో ఆ మాట ఒక్కటీ చెప్పదు, కాబట్టి మాకు ఎప్పుడు ఏది వాడాలో అంతుబట్టేది కాదు. వారం రోజులు నా పుస్తకం నిండా ఎర్రసిరానే. చివరికి మేడమ్ పుస్తకం మూసి, "ఇంగ్లీషును పక్కన పెట్టు. మీ ఇంట్లో పెద్దోళ్ళు చిన్నప్పటి కతలు చెప్తారు కదా, ఒకటి చెప్పు. వాళ్ళు ఎట్ల అంటారో అట్లే" అంది.

నాకు ఐదో తరగతి నవ్వు గుర్తొచ్చింది. మేడమ్ తొందరపెట్టకుండా పది దాకా లెక్కపెట్టుకునేంత సేపు ఎదురుచూసింది. ఎవరిని ఏది అడిగినా ఆమె అలాగే ఎదురుచూసేది. చివరికి మా నాయినమ్మ మాట చెప్పాను. "మేము రోజు బాయి కాడికి పోతుంటిమి. ఓనాడు పాము అడ్డమొచ్చింది."

"అదీ!" అని మేడమ్ చాప మీద అరచేత్తో కొట్టింది. "పోతుంటిమి అనేది ఒకటి, అడ్డమొచ్చింది అనేది ఇంకొకటి. మేము పోతాంటిమి అంటాము, మీరు పోతుంటిమి అంటారు. ఇంత చక్కగా ఇంట్లో పెట్టుకుని ఇంగ్లీషోళ్ళను అడిగేదేంటికి?" అంది. మా ఇంటి మాట ఒక చదువులో పనికొచ్చిందని ఎవరో చెప్పడం నాకు అదే మొదలు. ఆ సాయంత్రం ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్ళి నాయినమ్మ చేత ఇంకో నాలుగు కథలు చెప్పించుకున్నాను.

నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి తెలంగాణ ఉద్యమం జోరందుకుంది. పిల్లలం, మాకు బంద్ అంటే పండగ. బస్సులు నడవని రోజు తార్నాక పెద్ద రోడ్డు మీద ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడేవాళ్ళం, రోడ్డు మధ్యలో తెల్లగీతే మా పిచ్. క్యాంపస్‌లో సీతాఫలాల కాలం వస్తే పోలీసు వ్యాన్ల వెనక నుంచే చెట్లెక్కి, కళ్ళు విచ్చుకున్న కాయలు తెంపి బియ్యం డబ్బాలో మాగబెట్టుకునేవాళ్ళం. బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పూలతో అమ్మవాళ్ళు క్యాంపస్ లోపలికే వెళ్ళి హాస్టలు ఆడపిల్లలతో కలిసి ఆడారు, రొట్టెలో బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పోలీసులకు కూడా పెట్టారు. తెల్లవారితే మళ్ళీ బాష్పవాయువు. కళ్ళు మండి గొంతు పట్టేసే ఆ ఘాటు గాలివాటున మా సందుల దాకా వచ్చేది. అమ్మ తువ్వాలలు తడిపి కిటికీలకు కట్టి, వాసన పీల్చమని మా చేతుల్లో తరిగిన ఉల్లిగడ్డ పెట్టేది. మా చిన్నాయిన మల్లేశ్ క్యాంపస్‌లో పీజీ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. ఎప్పుడొచ్చినా చొక్కా నిండా ఆ వాసనే. అన్నం తింటూ ఊరేగింపుల సంగతులు చెప్పి, చేయి కడుక్కుంటూ "వస్తది వదినా, రాకేడికి పోతది" అనేవాడు.

ఆ రోజుల్లోనే మేడమ్ మాకు భవిష్యత్ కాలం మొదలుపెట్టింది. పది వాక్యాలు రాసుకు రమ్మంటే, అన్ని గోడల మీదా ఉన్న మాటే నేను మొదటి వాక్యంగా రాశాను, తెలంగాణ వస్తుంది అని. మేడమ్ ఆ వాక్యం మీద పెన్ను ఆనించింది. లోపలి గదిలో టీవీ వార్తలు వింటున్న వాళ్ళాయన దగ్గు వినబడింది. రాష్ట్రం విడిపోతే ఆయన ఉద్యోగం అటు పోతుందని, ఆ ఇల్లు వదిలి వెళ్ళాల్సి ఉంటుందని నాకు అప్పుడు తెలియదు. మేడమ్ ఒక అక్షరం నెత్తిన గీత మరిచానని పెట్టి, పక్కన పెద్ద టిక్కు కొట్టి, "క్రియ బాగా రాసినావు" అంది. గేటు మీది బోర్డు తీసేద్దాం, ఎందుకొచ్చిన గొడవ అని ఆయన అన్నప్పుడు కూడా "ఫ్రెంచికి ఏ జిల్లా అని రాసుండాది? ఉండనీ" అని ఊరుకుందట. కానీ ఆమె పెద్ద రోడ్డు మీదికి రావడం తగ్గించింది. కూరగాయలు కూడా సాయన్న చేతే తెప్పించుకునేది.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది, బడులు వారాల తరబడి మూతపడ్డాయి. ఒకరోజు తార్నాక రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. రోడ్డుకడ్డంగా రాళ్ళ పొయ్యిలు, పొయ్యిల మీద గంజులు, ఒకచోట పప్పు, ఒకచోట వంకాయ కూర, మా నాయిన పీట మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ బస్తాడు ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. అమ్మ పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తోంది. డప్పుల చప్పుడికి నా గుండె కూడా ఎగురుతోంది. ఆ గుంపులోకి ఒక తెల్ల ఆవిడ వచ్చింది, మెడలో సంచి, చేతిలో నోటుబుక్కు. ఉద్యమం గురించి రాయడానికి ఫ్రాన్సు నుంచి వచ్చిందట. ఆమె ఇంగ్లీషు చిన్నాయినకు అర్థం కాలేదు, చిన్నాయిన ఇంగ్లీషు ఆమెకూ అర్థం కాలేదు. ఇద్దరూ చేతులు తిప్పి తిప్పి అలసిపోయారు.

నేను ఊరుకోవచ్చు కదా. "మా మేడమ్‌కి ఫ్రెంచ్ వస్తది!" అని అరిచాను. నాయిన ఉల్లిగడ్డల దగ్గర నుంచే గర్వంగా తలెత్తి, "అవునవును, మా బిడ్డ టీచరే. ఉర్కు, తోల్కరా" అన్నాడు. నేను పరిగెత్తాను.

మేడమ్ బియ్యం ఏరుకుంటోంది. సంగతి వినగానే చాట పక్కన పెట్టి, "నేనా? రోడ్డు మీదికా?" అంది. రానని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. నా మొహం చూసి ఏమనుకుందో, లోపలికెళ్ళి చీర మార్చుకుని, అద్దాలు తుడుచుకుని వచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. దారి పొడవునా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను కానీ, దగ్గరగా వింటే ఎక్కాలు.

గుంపు చీలి మాకు దారిచ్చింది. చిన్నాయిన కుర్చీ తెచ్చి, "గీడ కూసోండ్రి మేడమ్" అన్నాడు. తెల్ల ఆవిడ మొహం వెలిగిపోయింది. "బోఁజూర్ మదామ్" అంటూ మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా ఏదేదో మాట్లాడేసింది. అందులో ఒక్క ముక్క నాకు తెలియలేదు. ఇన్నేళ్ళుగా మేము అరిచిన భాషలో ఒక్క శబ్దం కూడా అందులో లేదు. నేను మేడమ్ మొహంలోకి చూశాను. ఆమెకీ తెలియలేదని నాకు తెలిసిపోయింది. మేడమ్ గొంతు సవరించుకుని, "జె మపెల్లె వసుంధర" అంది. ఆవిడ ముందుకు వంగి "పార్దోఁ?" అంది. మేడమ్ మళ్ళీ చెప్పింది. ఆవిడ మళ్ళీ వంగింది. మూడోసారి చెబుతుంటే వెనక నుంచి ఎవరో "ఏందయా, గింతేనా ఫ్రెంచి!" అన్నారు. నవ్వులు. కక్షతో నవ్విన నవ్వు కాదది, పెళ్ళిలో ఎవరైనా జారిపడితే నవ్వుతారే, అలాంటిదే. చిన్నాయిన నవ్వాడు. మా నాయిన కూడా నవ్వాడు.

అప్పటిదాకా మేడమ్ చెయ్యి నా చేతిలోనే ఉంది. నేను వదిలేశాను.

వదిలేసి, ఒక్కో అడుగే వెనక్కి వేసి, అమ్మ పొయ్యి దగ్గరికి చేరాను. మేడమ్ పక్కకు తిరిగి నాకోసం చూడడం కనబడింది. నేను వంగి పొయ్యి ఊదాను. కళ్ళలోకి పొగ పోయింది. అప్పుడు మేడమ్ గొంతు వినబడింది, గట్టిగా, వణక్కుండా. "నాకు రాదు నాయనా. చదివేది వస్తుంది, రాసేది వస్తుంది. మాట్లాడేది ఎవరూ నేర్పలేదు. ఒక కాగితం ఇవ్వండి."

ఎవరో కరపత్రాల కట్ట అందించారు. వాటి వెనక తెల్లవైపు మేడమ్ రాసింది. తెల్ల ఆవిడ చదివి, కళ్ళు పెద్దవి చేసి, కింద తన జవాబు రాసింది. తర్వాత చిన్నాయిన చెప్పడం, మేడమ్ రాయడం. "మా ఊర్ల బాయిలల్ల నీళ్ళుంటుండె. మా నాయిన రోజు మోట కొడుతుండె. ఓ ఏడు బాయి ఎండింది. గా ఏడే అన్న పట్నం వచ్చిండు." మేడమ్ పెన్ను ఎక్కడా ఆగలేదు. నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు, డప్పులు కూడా ఆపారు. ఎనిమిదో తొమ్మిదో కాగితాలు నిండాయి. ఆవిడ వాటిని మడిచి సంచిలో భద్రంగా పెట్టుకుని మేడమ్ రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత అందరూ రోడ్డు మీదే బంతి కూర్చుని తిన్నారు. చిన్నాయిన మేడమ్ కోసం గొంగడి పరిచాడు. మేడమ్ వంకాయ కూర రెండోసారి వేయించుకుని, "పాప యాడ?" అని అమ్మనడిగింది. అమ్మ పిలిస్తే వెళ్ళి, ఆమె మొహంలోకి చూడకుండా మంచినీళ్ళు పోసి వచ్చాను.

కాగితాల సంగతి సందు దాటలేదు, నవ్వు మాత్రం నల్లకుంట దాకా పోయింది. ఫ్రెంచి రాని ఫ్రెంచి టీచరంట అని బడుల్లో తల్లిదండ్రులు చెప్పుకున్నారు. పదకొండు మందిమి నలుగురమయ్యాం. నలుగురిలో నన్ను లెక్కపెట్టుకోవడం కూడా అన్యాయమే, నేనూ మూడు వారాలు కడుపునొప్పి అని ఎగ్గొట్టాను. "గంత మంచిగ రాసింది గదనే, పోతలేవెందుకు?" అని అమ్మ అడిగితే మొహం తిప్పుకున్నాను. చివరికి వెళ్ళిన రోజు మేడమ్ ఏమీ అడగలేదు. నా చోటు చూపించి ఉగ్గాణి గిన్నె ముందు పెట్టింది. ఎక్కాలు మొదలై 'పర్లెంట్' దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపింది. "ఇన్నేళ్ళు మీకు తప్పు చెప్పినాను. ఆ చివరిది పలకకూడదంట. ఈ రోజు నుంచి నేనూ మీతో కొత్తగా నేర్చుకుంటాండా" అంది. పిల్లల ముందు ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఇప్పుడు తెలుస్తోంది.

క్యాంపస్‌లో వారానికి రెండు సాయంత్రాలు ఫ్రెంచి మాట్లాడడం నేర్పే క్లాసులో ఆమె అప్పటికే చేరింది. నాయినకు టిఫిను ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఒకసారి కిటికీలోంచి చూశాను. ఇరవయ్యేళ్ళ పిల్లల మధ్య ముందు బెంచీలో మేడమ్, చెవులకు హెడ్‌ఫోన్లు, నోరు సున్నాలా చుట్టి ఏదో శబ్దం పదేపదే పలుకుతోంది. బారికేడ్లున్నా, తడిపిన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్ళేది. గొడవలైన రోజు చిన్నాయినే ఆమెను ఇంటి గేటు దాకా దిగబెట్టి వచ్చేవాడు. "ఆనాడు నవ్విన మేడమ్, తప్పయింది" అని మొదటి వారంలోనే చెప్పేశాడట. ఆమె "నాకూ నవ్వొచ్చింది లేప్పా" అందట. వాళ్ళిద్దరి లెక్క అంత తేలిగ్గా తేలిపోయింది. నేను ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఆ చాప మీదే కూర్చున్నాను, ఆ మాట మాత్రం ఎత్తలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా వీధంతా గులాబీ రంగు, మా నాయిన ఏడ్చాడు. సాయన్న ఇస్త్రీ బండికి మామిడాకులు కట్టాడు. మేడమ్ మా ఇంటికి లడ్డూలు పంపింది. రెండేళ్ళకి వాళ్ళాయన ఉద్యోగం విజయవాడ వైపు మారింది. అక్కడ వాళ్ళకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, అనంతపురానికి తార్నాక కంటే అదే ఇంకా దూరం. నేను ఇంటర్ పూర్తి చేశాను, ఫ్రెంచిలో తొంభై ఎనిమిది మార్కులు.

లారీ వచ్చిన రోజు చిన్నాయిన పైకెక్కి బీరువాకు తాళ్ళు బిగిస్తున్నాడు. అమ్మ దారిలో తినడానికి సర్వపిండి మూట కట్టింది. సందులో సగం మంది గేటు దగ్గరే ఉన్నారు. మేడమ్ అందరితో మాట్లాడి, చివరికి నా దగ్గరికి వచ్చి, ఎవరికీ అర్థం కాకుండా ఫ్రెంచిలో అడిగింది. తొందర లేకుండా, ఏ అక్షరం ఎక్కడ మింగాలో అక్కడ మింగుతూ, అచ్చం ఆ తెల్ల ఆవిడ మాట్లాడినట్టే. "పూర్క్వా తు ఆ లాషే మా మ్యాఁ, స జూర్ లా?"

ఆ రోజు నా చెయ్యి ఎందుకు వదిలేశావు?

కోపం లేదు ఆమె మొహంలో. పాఠంలో ప్రశ్న అడిగినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. నాకు ప్రతి మాటా అర్థమైంది. జవాబు కూడా తెలుసు. కాని తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఎక్కాలు చదవడం, పరీక్షలు రాయడం తప్ప నేనూ ఎన్నడూ ఒకరితో మాట్లాడి ఎరగను. తెలుగులో చెబుదామంటే చుట్టూ అందరూ ఉన్నారు. మేడమ్ పది లెక్కపెట్టేంత సేపు ఎదురుచూసింది. తర్వాత నా చెంప తట్టి, "పర్లేదు పాపా. రాసి పంపు" అని, చిరునామా రాసిన కాగితం నా చేతిలో పెట్టి, లారీ కదలగానే స్టేషనుకు ఆటో ఎక్కింది.

ఇప్పుడు తార్నాకలో మెట్రో పైనుంచి పోతుంది. మేము క్రికెట్ ఆడిన తెల్లగీత మీద సిమెంటు స్తంభాలు లేచాయి. మూడో సందులో ఆకుపచ్చ గేటూ దానిమ్మ చెట్టూ పోయి ఐదంతస్తుల అపార్టుమెంటు వచ్చింది, ఉడతలు ఎటు పోయాయో తెలియదు. సాయన్న లేడు, నన్ను పర్లెంటు అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. వేళ్ళ మధ్య సీతాఫలం గుజ్జుతో క్యాంపస్ గోడ దూకే పిల్లలు కూడా కనబడరు. మేడమ్ చిరునామా కాగితం మాత్రం నా పాత గైడులో అలాగే ఉంది, ఆ రోజు నుంచి నేను దాన్ని తీసి చూసుకుని మళ్ళీ పెట్టేస్తూనే ఉన్నాను.

మొన్న ఆ ఉగ్గాణి తిన్న సాయంత్రం ఇంటికొచ్చి ఉత్తరం మొదలుపెట్టాను. ఫ్రెంచిలో నాలుగుసార్లు రాశాను. కాలాలన్నీ సరిగ్గా పడ్డాయి, ఒక్క తప్పు లేదు, చదువుకుంటే ఫోనులో ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టే ఉంది. నాలుగూ చింపేశాను. ఇంటి మాటలు చెప్పమని మొట్టమొదట అడిగింది మీరే కదా మేడమ్, ఆ మాటల్లోనే రాస్తున్న.

ఆనాడు నవ్వినోళ్ళందరు మావోళ్ళే మేడమ్. మా నాయిన, మా చిన్నాయిన, మా వాడోళ్ళు. మీరు ఒక్కరే ఉంటిరి. నేను వాళ్ళ దిక్కు ఉండాల్నని మీ చెయ్యి ఇడిశిన.